కొత్తగా చేరినవాళ్లు పని ఎప్పుడు నేర్చుకోవాలి?

సంపాదకులకు,

నమస్కారం.

కృత్రిమ మేధ (ఏఐ) వల్ల ఏ ఉద్యోగాలు పోతాయి, ఏవి మిగులుతాయి అన్న చర్చ పత్రికల్లో తరచూ చదువుతున్నాను. దాని గురించి నాకంటే తెలిసినవాళ్లు రాస్తున్నారు. ఆ చర్చలో పెద్దగా కనపడని విషయం ఒకటుంది, దాని కోసమే ఈ ఉత్తరం. మా దగ్గర ఉద్యోగాలు పోలేదు. కొత్తవాళ్లు చేరుతూనే ఉన్నారు. కానీ చేరినవాళ్లు పని నేర్చుకునే తీరు రెండు మూడేళ్లలో పూర్తిగా మారిపోయింది. ఆ మార్పు నా కళ్ల ముందు జరిగింది. కొంత నా చేతుల మీదుగానే జరిగింది.

ఇళ్లలో వాడే వైద్య పరికరాలకు ఫోన్‌లో సాయం చేసే విభాగంలో నేను ట్రైనర్‌ని. మొదట 5 ఏళ్లు స్వయంగా కాల్స్ తీసుకున్నాను. తర్వాత 14 ఏళ్లుగా కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. మాకు వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం ఆక్సిజన్ కాన్సంట్రేటర్ గురించే. గదిలో గాలిలో ఆక్సిజన్ 21 శాతమే ఉంటుంది. ఈ యంత్రం ఆ గాలిని లోపలికి లాగి, జియోలైట్ అనే పదార్థపు గుళికల మధ్య నుంచి పంపి, నైట్రోజన్‌ను అక్కడే ఆపేసి, దాదాపు 90 శాతం ఆక్సిజన్‌ను రోగి ముక్కు దాకా చేరుస్తుంది. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, యంత్రాన్ని గోడకు ఆనించి పెట్టినా, ట్యూబు మడతపడినా తేడా వస్తుంది. ఫోన్ చేసిన మనిషి పక్కన ఊపిరి అందని మనిషి ఒకరు ఉంటారు. అందుకని మా పనికి యంత్రం గురించి తెలిస్తే సరిపోదు.

2023 దాకా మా దగ్గర శిక్షణ 6 వారాలు. మొదటి రెండు వారాలు తరగతి గదిలో. యంత్రం మూత తీసి ఏ భాగం ఏదో చూపించేదాన్ని, ఊడదీసి మళ్లీ బిగించమనేదాన్ని. తర్వాతి రెండు వారాలు ఒక సీనియర్ పక్కన కూర్చుని, రెండో హెడ్‌సెట్ పెట్టుకుని వినడం. చివరి రెండు వారాలు కొత్తవాళ్లు కాల్ తీసుకుంటారు, సీనియర్ పక్కన కూర్చుని వింటారు. ఆ మధ్య రెండు వారాలూ కొత్తవాళ్లు నోరు తెరవరు. లెక్కలు చూసేవాళ్లకు అది జీతం దండగ అనిపిస్తుంది. నన్నడిగితే అసలు చదువు అక్కడే జరిగేది.

ఒక ఉదాహరణ చెప్తాను. యంత్రానికి నీళ్ల సీసా ఒకటి తగిలిస్తారు, ఆక్సిజన్ అందులోంచి బుడగలుగా వచ్చి కాస్త తేమ పట్టుకుని ట్యూబులోకి వెళ్తుంది. సీసా మూత వంకరగా బిగిస్తే గాలి పక్క నుంచి పోతుంది, రోగికి చేరదు. మా సీనియర్ ఒకావిడ ఇలాంటి కాల్ రాగానే, "అమ్మా, ఫోన్ ఒక్క క్షణం ఆ సీసా దగ్గర పెట్టు" అనేవారు. బుడగల చప్పుడు వినిపిస్తే ఆక్సిజన్ వెళ్తున్నట్టు. బుస్సుమని వినిపిస్తే మూత సరిగా పడలేదన్నట్టు. పది సెకన్లలో తేలిపోయేది. ఇది ఏ మాన్యువల్‌లోనూ లేదు. నేను ఆవిడ పక్కన కూర్చుని విని నేర్చుకున్నాను. నా పక్కన కూర్చున్నవాళ్లు నా దగ్గర నేర్చుకున్నారు.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి అలాంటి సాధనం మా ఫ్లోర్ మీదికీ వచ్చింది. స్క్రీన్ కుడివైపు ఒక పెట్టె. మేమందరం దాన్ని బాక్స్ అనే అంటాం. కాల్‌లో మాటలు ఎప్పటికప్పుడు అక్షరాలుగా మారుతుంటాయి. ఆ మాటలను బట్టి అది మా మాన్యువల్స్‌లో, పాత కాల్స్ రాతల్లో వెతికి, దగ్గరగా ఉన్న ముక్కలు తీసుకుని, వాటి నుంచి తర్వాత చెప్పాల్సిన జవాబును నాలుగైదు వాక్యాల్లో అల్లి చూపిస్తుంది. అది వచ్చిన 4 నెలలకు శిక్షణ 6 వారాల నుంచి 3 వారాలకు తగ్గింది. మొదటిది తరగతి గది, రెండోది కంప్యూటర్‌లో మాడ్యూళ్లు, అంటే పాఠాలూ క్విజ్‌లూ. మూడో వారంలో నేరుగా కాల్స్. సీనియర్ పక్కన కూర్చుని వినడం పూర్తిగా తీసేశారు. ఎందుకంటే సీనియర్‌కు తెలిసిందంతా బాక్స్‌లో ఉందన్నారు. ఆ మార్పు కాగితం మీద ట్రైనర్‌గా నా సంతకం కూడా ఉంది. అప్పుడు నాకూ అది సబబుగానే తోచింది.

ఈ సాధనం వల్ల మేలు జరగలేదని నేను అనను. జరిగింది, నేను చూశాను. కిందటేడు బ్యాచ్‌లో ఒక అబ్బాయికి ఫోన్‌లో ఎవరైనా గొంతు పెంచితే మాట తడబడేది. ఇదివరకైతే అలాంటివాళ్లు నెల తిరక్కుండా మానేసేవాళ్లు. ఆ అబ్బాయి ఏఐతో కోపంగా ఉన్న కస్టమర్‌లా మాట్లాడించుకుని, రోజూ షిఫ్ట్ అయ్యాక అరగంట సాధన చేశాడు. అది ఎంత అరిచినా నిజం మనిషి కాదు కాబట్టి భయం లేదు, ఎన్నిసార్లు తప్పినా నవ్వేవాళ్లు లేరు. మూడు వారాలకు గొంతు నిలబడింది. ఇప్పుడు మా దగ్గర ఓపికకు అతనిదే పేరు. నేను ఒక్కదాన్నే పదకొండు మందికి అలా విడివిడిగా రోజూ అరగంట ఇవ్వగలనా? ఇవ్వలేను. ఇంకొకమ్మాయి అందరిలో అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలన్నీ రాత్రిపూట దాన్నే అడిగేది. 'ఫ్లో మీటర్ అంటే ఏమిటి' అని మూడో రోజున నన్ను అడగాలంటే ఎంత బిడియం ఉంటుందో నాకు తెలుసు. ఇంగ్లిష్ మాన్యువల్‌లో అర్థం కాని పేరాను తెలుగులో చెప్పమని అడిగితే చాలావరకు బాగానే చెప్తోంది. ఇవన్నీ ఇదివరకు లేనివి.

పరిశోధనలు కూడా ఈ మేలును చూపిస్తున్నాయి. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ అనే ఆర్థికవేత్త, ఆయనతోపాటు మరో ఇద్దరు, 5 వేల మందికి పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల పనిని పరిశీలించి 2023లో ఫలితాలు బయటపెట్టారు. మాలాంటి పనే, మాలాంటి బాక్సే. గంటకు పరిష్కరించే సమస్యల సంఖ్య సగటున 14 శాతం పెరిగింది. కొత్తవాళ్లకూ, పనిలో వెనకబడినవాళ్లకూ అయితే 34 శాతం పెరిగింది. బాగా అనుభవం ఉన్నవాళ్లకు మాత్రం పెద్దగా ఏమీ పెరగలేదు. ఆ సాధనం పనిచేయకుండా ఆగిపోయిన సమయాల్లో కూడా, అప్పటిదాకా దాన్ని వాడినవాళ్లు మునుపటికంటే మెరుగ్గానే చేశారట. అంటే కొంత నేర్చుకున్నారనే కదా. మా మీటింగుల్లో ఈ 34 శాతం అంకె చాలాసార్లు వినిపించింది. దాన్ని నేనూ నమ్ముతాను.

అయినా ఈ ఉత్తరం రాయడానికి ఒక కాల్ కారణం.

రాత్రి షిఫ్ట్. మూడో వారంలో ఉన్న ఒక అబ్బాయి కాల్ తీసుకున్నాడు. ఆ రోజు నేను కొత్తవాళ్ల కాల్స్ వింటున్నాను. ఫోన్ చేసినావిడ వాళ్ల నాన్నగారి యంత్రం మీద పసుపు లైటు వెలుగుతోందని, బీప్ బీప్‌మంటోందని చెప్పారు. గొంతులో టెన్షన్. పసుపు లైటు అంటే యంత్రం నుంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతోందని. బాక్స్‌లో వెంటనే జవాబు వచ్చింది. గాలి ఫిల్టర్ శుభ్రం చేయించాలి. మొదటి మెట్టు యంత్రాన్ని ఆపడం. రెండోది ప్లగ్ తీయడం. మూడోది వెనకవైపున్న ఫిల్టర్ బయటికి లాగడం. ఆ అబ్బాయి గొంతు చాలా మర్యాదగా ఉంది. ఒక్క మాట తడబడలేదు. "మేడమ్, ముందుగా యంత్రాన్ని ఆఫ్ చేయండి" అన్నాడు.

నేను లైన్‌లోకి వెళ్లి, "ఆపకండమ్మా" అన్నాను. ఆవిడ చెయ్యి అప్పటికే స్విచ్ మీద ఉందట.

"నాన్నగారు ఎలా ఉన్నారు? మాట్లాడుతున్నారా? పెదవుల రంగు ఎలా ఉంది? విడిగా సిలిండర్ ఉందా?" అని అడిగాను. ఉంది, పక్కగదిలో. మొదట ఆయన్ని సిలిండర్‌కు మార్పించాం. ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకుంటున్నారని తెలిశాక యంత్రం ఆపించి, ఫిల్టర్ తీయించాం. అది బూడిదరంగు దుమ్ముతో కంబళిలా అయిపోయింది. అరగంటలో అంతా సర్దుకుంది. ఆవిడ మా ఇద్దరికీ థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశారు.

బాక్స్ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఫిల్టర్ శుభ్రం చేయాలంటే యంత్రం ఆపాల్సిందే. మాన్యువల్‌లో అలాగే ఉంది. కాకపోతే అదే మాన్యువల్లో, 30 పేజీల ముందు, యంత్రాన్ని ఏ కారణంతో ఆపినా ముందు రోగిని వేరే ఆక్సిజన్‌కు మార్చాలని ఉంది. బాక్స్ పసుపు లైటు అన్న మాట పట్టుకుని వెతికింది. దానికి దగ్గరగా ఉన్న పేజీ దొరికింది. దూరంగా ఉన్న పేజీ దొరకలేదు. మాన్యువల్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషికి, ముప్పయ్యో నలభయ్యో కాల్స్ పక్కన కూర్చుని విన్న మనిషికి, ఆ రెండు పేజీలూ విడివిడిగా ఉండవు. లైటు మాట వినగానే మనిషి గుర్తుకొస్తాడు.

కాల్ అయ్యాక ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. "మేడమ్, బాక్స్‌లో మొదటి మాటే ఆపమని ఉంది" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. అతన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. మేము నేర్పింది అదే. బాక్స్ చూడు, చదువు, మర్యాదగా చెప్పు. అతను చక్కగా నేర్చుకున్నాడు.

మర్నాడు బాక్స్‌లో ఆ జవాబుకు ముందు ఒక వాక్యం చేర్చారు. రోగి పరిస్థితి అడగండి, సిలిండర్ ఉందో లేదో కనుక్కోండి అని. సమస్య పరిష్కారమైందని రాసుకున్నారు. ఆ వాక్యం చేర్చడం మంచిదే, నేనే దగ్గరుండి చేర్పించాను. కానీ అది ఆ ఒక్క కాల్‌కు పరిష్కారం. రేపు ఎవరూ ఊహించని మరో కాల్ వస్తుంది. అప్పుడు స్క్రీన్ మీదున్న జవాబు చదివి 'ఇదేదో తేడాగా ఉందే' అని ఒక క్షణం ఆగే మనిషి కావాలి. ఆ ఆగడం ఎలా వస్తుందన్నదే నా ప్రశ్న.

నాకు తెలిసినంతలో అది సొంతంగా తడుముకుంటేనే వస్తుంది. జవాబు తెలియక, గుర్తు రాక, మనసులో వెతుక్కుని, తప్పు చెప్పి, దిద్దించుకుంటే వస్తుంది. ఇది పాతకాలం ట్రైనర్ చాదస్తం కాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే మూసి రాసినవాళ్లు ముందుకొచ్చారు. కష్టపడి గుర్తుచేసుకున్నదే నిలుస్తుంది. చదువుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, అదే ఇబ్బంది. మా కొత్తవాళ్లు రోజుకు నలభైసార్లు బాక్స్‌లో జవాబు చదువుతారు. ఒక్కసారి కూడా గుర్తుచేసుకోవాల్సిన అవసరం పడదు.

2024లో టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో చేసిన అధ్యయనం కూడా బయటికొచ్చింది. లెక్కలు సాధన చేసేటప్పుడు కొందరికి చాట్‌జీపీటీలాంటి సాధనాన్ని ఉన్నదున్నట్టుగా ఇచ్చారు. వాళ్లు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. ఆ తర్వాత సాధనం లేకుండా పరీక్ష పెడితే, అసలు ఏ సాయమూ లేకుండా చదువుకున్నవాళ్లకంటే 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. మూడో గుంపుకు ఇచ్చిన సాధనం మాత్రం జవాబు చెప్పదు, సూచనలే ఇస్తుంది. వాళ్లకు ఆ నష్టం దాదాపుగా జరగలేదు, సాధనలోనైతే అందరికంటే ఎంతో ముందున్నారు. వెనక ఉన్నది అదే ఏఐ. దాన్ని ఎలా అమర్చారన్నదే తేడా తెచ్చింది.

ఇది చదివాక మా బ్యాచ్‌లో నేనొక చిన్న మార్పు చేసి చూశాను. సాధన కాల్స్‌లో బాక్స్‌ను మూసి ఉంచాను. కాల్ విన్నాక ముందు వాళ్లు ఏమడుగుతారో, ఏం చెప్తారో కాగితం మీద రెండు లైన్లు రాయాలి. అప్పుడే బాక్స్ తెరవాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది ఎందుకు వేరుగా ఉందో నాకు చెప్పాలి. మొదటిరోజు తిట్టుకున్నారు. ఒకమ్మాయి కాగితం మీద ఏమీ రాయలేక కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పటికి ఆమె మాడ్యూళ్లన్నింటిలో నూటికి నూరు. నాలుగో రోజుకు అదే అమ్మాయి, "మేడమ్, బాక్స్ ఫిల్టర్ గురించి చెప్తోంది కానీ, ఆవిడ యంత్రాన్ని పరదా వెనక పెట్టానని మధ్యలో అన్నారు, ముందు అది జరపమనాలి కదా" అంది. గాలి ఆడకపోతే ఫిల్టర్ ఎంత కడిగినా లాభం లేదు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయలేను.

మాడ్యూళ్ల మాట వచ్చింది కాబట్టి దాని గురించీ చెప్పాలి. ఇదివరకు ఒక కొత్త యంత్రానికి పాఠం తయారు చేయాలంటే నాకు 3 వారాలు పట్టేది. సర్వీస్ ఇంజనీర్లతో కూర్చుని, యంత్రం ఊడదీయించి, ఫొటోలు తీసి, సీనియర్లను అడిగి రాసేదాన్ని. ఇప్పుడు మాన్యువల్ ఇస్తే ఒక మధ్యాహ్నంలో ఏఐ పాఠం, ప్రశ్నలు, వీడియోకు మాటలు అన్నీ రాసిస్తోంది. చూడ్డానికి నా పాఠాలకంటే బాగున్నాయి. ఒక పాఠంలో ఫోమ్ ఫిల్టర్‌ను సబ్బు నీళ్లతో కడిగి తిరిగి పెట్టాలని ఉంది. పూర్తిగా ఆరాకే పెట్టాలన్న మాట కుదింపులో ఎగిరిపోయింది. తడి ఫిల్టర్ పెడితే తేమ లోపలికి పోయి జియోలైట్ గుళికలు పాడవుతాయి. అంతకుముందు ఒక యంత్రం అలా పాడవడం చూశాను కాబట్టి పట్టుకోగలిగాను. చూడనివాళ్లు పట్టుకోలేరు. దాన్ని సరిచూడాలంటే అనుభవం కావాలి, ఆ 3 వారాలు నేను ఇంజనీర్ల దగ్గర కూర్చుని సంపాదించింది ఆ అనుభవమే. పాఠం తయారు చేయడంలో ఎక్కువ నేర్చుకున్నది నేనే అని ఇప్పుడు అర్థమవుతోంది.

శిక్షణ ఎంత బాగా జరిగిందో కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లో నాలుగు స్థాయులు చెప్పారు. నేర్చుకున్నవాళ్లకు నచ్చిందా, వాళ్లకు వచ్చిందా, పనిలో వాడుతున్నారా, దానివల్ల ఫలితం కనపడిందా అని. మా రంగంలో అందరికీ తెలిసినదే. కానీ మేము పైకి పంపే రిపోర్టుల్లో ఉండేవి మాడ్యూల్ ఎంతమంది పూర్తి చేశారు, క్విజ్‌లో ఎంత వచ్చింది, కాల్ ఎన్ని నిమిషాల్లో ముగిసింది. ఆ రాత్రి కాల్‌లో నేను కలగజేసుకోకపోయి ఉంటే, ఆ అబ్బాయి కాల్ తక్కువ నిమిషాల్లో ముగిసి, స్క్రిప్టు ప్రకారం నడిచినట్టు లెక్కకు వచ్చేది.

ఇంకొకటి నన్ను ఎక్కువగా బాధపెడుతున్న విషయం. ఇప్పుడు తేలిక కాల్స్ కొత్తవాళ్ల దాకా రావడం లేదు. నీళ్లు సీసాలో ఏ గీత దాకా పోయాలి, ఫిల్టర్ ఎన్నాళ్లకు కడగాలి, ట్యూబు ఎప్పుడు మార్చాలి లాంటివన్నీ చాట్‌బాట్ చెప్పేస్తోంది. ఫోన్ చేసేవాళ్లకు అది మంచిదే, వెంటనే జవాబు దొరుకుతుంది. కానీ కొత్తవాళ్లు మెల్లగా నిలదొక్కుకునేది ఆ కాల్స్‌తోనే. నీళ్ల గీత గురించి అడిగిన పెద్దాయనతో రెండు నిమిషాలు మాట్లాడితే ఆయన యంత్రాన్ని ఎక్కడ పెట్టారో, రాత్రిళ్లు ఎవరు చూసుకుంటారో తెలిసేది. కంగారులేని కాల్‌లో మనుషులను వినడం అలవాటయ్యేది. ఇప్పుడు చేరిన మూడో వారానికే చాట్‌బాట్ చేతులెత్తేసిన కాల్స్ మాత్రమే వీళ్ల దగ్గరికి వస్తున్నాయి. ఈతకు కొత్తవాణ్ని లోతు ఉన్న చోటే దింపుతున్నాం.

సీనియర్ల సంగతి కూడా చూడండి. బాక్స్‌కు ఆధారం మా సీనియర్లు ఏళ్ల తరబడి మాట్లాడిన కాల్సే. ఒక్కోసారి అందులో వచ్చే వాక్యం చూసి 'ఇది ఫలానా ఆవిడ మాట కదా' అని గుర్తుపడతాను. 'కంగారు పడకండి, ఒక్కొక్కటే చూద్దాం' అన్నది ఆవిడ అనే తీరు. ఆవిడ పదవీ విరమణ చేశారు. ఆవిడ మాట ఉండిపోయినందుకు సంతోషమే. కానీ సీసా దగ్గర ఫోన్ పెట్టమనే ఆవిడ పద్ధతి బాక్స్‌లో లేదు. ఎందుకంటే రికార్డింగులను అక్షరాలుగా మార్చినప్పుడు మాటలు వచ్చాయి, బుడగల చప్పుడు రాలేదు. రాతలో అక్కడ ఖాళీ ఉంది. ఆవిడ పది సెకన్లు మౌనంగా ఉండి ఏం విన్నారో పక్కన కూర్చున్నవాళ్లకే తెలుసు.

బాక్స్ ఎప్పటికప్పుడు కొత్త కాల్స్ నుంచి కూడా తీసుకుంటుంది. ఆ కొత్త కాల్స్‌లో మాట్లాడేవాళ్లు బాక్స్ చూసి చదివేవాళ్లే. ఇంకో పదేళ్లకు దానికి కొత్తగా ఏదైనా చెప్పగలవాళ్లు ఎవరు ఉంటారు? పక్కన ఎవరూ కూర్చోకపోతే సీనియర్లకూ నష్టమే. కొత్తవాళ్లు 'ఎందుకలా అడిగారు' అన్నప్పుడే నేను చేసే పనికి కారణం నాకు తెలిసొచ్చేది. అనుభవం ఉన్నవాళ్లకు ఏమీ కాదులే అనుకోవడానికీ లేదు. పోలండ్‌లో పెద్దపేగు పరీక్షలు చేసే అనుభవజ్ఞులైన వైద్యుల మీద చేసిన అధ్యయనం 2025లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వారి జర్నల్‌లో వచ్చింది. అది మా బాక్స్‌లా వాక్యాలు అల్లే జనరేటివ్ ఏఐ కాదు, తెర మీద అనుమానమున్న చోటు చూపించే ఏఐ. అది అలవాటయ్యాక, దాని సాయం లేకుండా చేసిన పరీక్షల్లో ముందుముందు క్యాన్సర్‌గా మారగల గడ్డలను పట్టుకున్న రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గింది. అంతటివాళ్లకే అలా అయితే, మూడు వారాల కొత్తవాళ్లను ఏమనగలం?

యూరప్‌లో ఏఐ చట్టం ప్రకారం, ఏఐని వాడే సంస్థలు తమ సిబ్బందికి దాని గురించి తగినంత అవగాహన కల్పించాలన్న నిబంధన 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి నిబంధన. అయితే ఏఐ గురించి ఎంత తెలిసినా, తాను చేసే పని తెలియని మనిషి అది ఎక్కడ తప్పుతోందో పట్టుకోలేడు. నాకు కావలసింది ఆ పని గురించిన అవగాహన.

సంస్థలు నడిపేవాళ్లు ఈ పత్రిక చదువుతారు కాబట్టి వాళ్లను అడుగుతున్నాను. సాధనం తీసేయమని కాదు. నేర్చుకునే రోజుల్లో జవాబు ముందు మనిషి నోట రానివ్వండి, తర్వాత తెర మీద కనపడనివ్వండి. ఇది సాధనంలో ఒక చిన్న సర్దుబాటు, పెద్ద ఖర్చు కాదు. తేలిక పనుల్లో కొన్నింటిని కొత్తవాళ్లకు వదలండి, ఫోన్ చేసినవాళ్లు నిమిషం ఆగాల్సి వచ్చినా సరే. సీనియర్ పక్కన కూర్చునే గంటలను పనిగంటలుగానే లెక్కపెట్టండి, ఆ సీనియర్‌కు ఆ రోజు కాల్స్ లెక్క తగ్గించండి. ఏఐ వల్ల మిగిలిందని మీరు చెప్పే సమయంలో సగమైనా నేర్చుకోవడానికి తిరిగి ఇవ్వండి. ఇప్పుడు ఆ మిగిలిన సమయమంతా ఇంకొన్ని కాల్స్‌కే పోతోంది. కొత్తవాళ్లు సాధన చేసుకునేది షిఫ్ట్ అయ్యాక, సొంత సమయంలో. నేను పైన మెచ్చుకున్న ఆ అబ్బాయి అరగంటలు కూడా అలాంటివే. వాటికి అతనికి ఎవరూ జీతం ఇవ్వలేదు.

పత్రికకు కూడా ఒక విన్నపం. ఏదైనా సంస్థ ఏఐతో శిక్షణ సమయం సగానికి తగ్గించామని చెప్పినప్పుడు, ఆరు నెలల తర్వాత ఆ సాధనం ఒక రోజు పనిచేయకపోతే వాళ్ల కొత్త ఉద్యోగులు ఎలా చేశారో మీ విలేకరులు అడగాలి. ఆ జవాబు కూడా వార్తలో రావాలి.

వచ్చే సోమవారం మాకు కొత్త బ్యాచ్ వస్తోంది. ఆ రాత్రి కాల్ రికార్డింగ్ తీసుకుని పైవాళ్ల దగ్గరికి వెళ్లి, ఆసాంతం వినిపించాను. శిక్షణను 3 వారాల నుంచి 4 వారాలు చేశారు. ఆ పెరిగిన వారం సీనియర్ పక్కన రెండో హెడ్‌సెట్‌తో. కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవడానికి ముగ్గురు ఒప్పుకున్నారు. వాళ్లలో ఒకరు పసుపు లైటు కాల్ తీసుకున్న ఆ అబ్బాయే. అతనింకా సీనియర్ కాదు, ఏడాది కూడా కాలేదు. కానీ కొత్తవాళ్లకు ఆ కాల్ గురించి తనే చెప్తానని అడిగాడు, సరేనన్నాను.

ఇట్లు,
ఒక ట్రైనర్, మీ పాఠకురాలు